పదకొండు సెకన్ల మౌనం

ఐర్లండ్‌లో ఉన్నంతకాలం లోర్కన్ డెవానీకి ఐరిష్ యాస లేదు. టొరంటో విమానాశ్రయంలో దిగాక వచ్చింది. అప్పటి నుంచి పంతొమ్మిదేళ్లుగా అది ఏటికేడు ముదురుతూనే ఉంది. ఆ యాస వింటే కెనడా వాళ్లకు నిజాయితీని విన్నట్టే ఉంటుందని అతనికి మొదటి వారంలోనే అర్థమైంది.

సభల్లో చెప్పుకునే బాల్యం కూడా ఆ బాపతే. తండ్రి దినకూలీ అనీ, ఇంట్లో ఐదుగురు పిల్లలకు రెండే జతల బూట్లనీ చెబుతాడు. నిజానికి తండ్రి బ్యాంకు మేనేజరు. ఇంట్లో కారు ఉండేది, పియానో ఉండేది, ఆ పియానో మీద దుమ్ము తుడవడానికి ఒక మనిషి కూడా ఉండేది.

ఇరవై రెండో ఏట డబ్లిన్ రేడియోలో చేరాడు. నాలుగేళ్ల పాటు పొద్దున్నే గొర్రెల ధరలు చదివాడు. అక్కడి నుంచి టీవీకి, టీవీలో రాజకీయాలకు ఎగబాకాడు. 1992 నవంబరులో ఇళ్ల స్థలాల కుంభకోణంలో ఇరుక్కున్న ఒక మంత్రి అతని ముందు కూర్చున్నాడు. “ఈ సంతకం మీదేనా?” అని డెవానీ అడిగాడు. మంత్రి పదకొండు సెకన్లు నోరు విప్పలేదు. డెవానీ కూడా విప్పలేదు. కెమెరా మంత్రి ముఖం మీదే నిలబడింది. దేశమంతా చూసింది. నాలుగో రోజు మంత్రి రాజీనామా చేశాడు.

ఆ పదకొండు సెకన్లను డెవానీ ముప్పై మూడేళ్లుగా తింటున్నాడు. వాటి మీద పుస్తకం రాశాడు. వాటి గురించి కాలేజీల్లో పాఠాలు చెప్పాడు. “ప్రశ్న వెయ్యండి, నోరు మూసుకోండి. దోషి తనంతట తానే బయటపడతాడు,” అంటాడు. పిల్లలు నోట్సు రాసుకుంటారు. యాభయ్యో ఏట డబ్లిన్ అతన్ని వదిలించుకుంది. దాన్ని అతను ‘కెనడా నుంచి పిలుపు’ అంటాడు. టొరంటోలో పెద్ద చానల్ ఒకటి ఆరేళ్లు భరించి పంపేసింది. చివరికి హామిల్టన్‌లో హార్బర్ టీవీ దొరికింది. వారానికోసారి అతని ఇంటర్వ్యూ వస్తుంది. ఆసుపత్రుల వెయిటింగ్ హాళ్లలో రిమోట్ ఎక్కడుందో తెలియని వాళ్లు దాన్ని చూస్తారు.

ఇప్పుడతనికి అరవై తొమ్మిది. ఆ శుక్రవారం టొరంటోలో జీవిత సాఫల్య పురస్కారం ఇవ్వబోతున్నారు. దానికి ముందురోజు, గురువారం సాయంత్రం ఆరింటికి, హార్బర్ టీవీ అతని జీవితం మీద గంటసేపు కార్యక్రమం ప్రసారం చెయ్యాలి. ఆ పని ధాత్రికి అప్పగించారు.

ధాత్రిది హనుమకొండ. తొమ్మిదేళ్ల క్రితం వీడియో ఎడిటింగ్ చదవడానికి హామిల్టన్ వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. హార్బర్ టీవీలో అందరి ఇంటర్వ్యూలూ ఆమే కట్ చేస్తుంది, డెవానీవి తప్ప. తన ఇంటర్వ్యూలు అతనే తలుపు వేసుకుని కట్ చేసుకుంటాడు. అది కళ అనీ, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదనీ అంటాడు. ఈ గంట కార్యక్రమం కోసం మొదటిసారి అతని ఫోల్డర్లన్నిటికీ ఆమెకు పాస్‌వర్డ్ ఇచ్చారు.

ఇచ్చినవాళ్లు ఆ రోజు దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

*

సోమవారం మధ్యాహ్నం హార్బర్ టీవీ స్టేషన్ ఎదుటి కాఫీ షాపులో డాక్టర్ కేశవరావు ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఆయన మత్తు డాక్టరు, ధాత్రికి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి తెలిసిన మనిషి. హామిల్టన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, రాష్ట్ర శాసనసభ ఉప ఎన్నికలో ఒక పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. తెలుగువాళ్లు సంబరపడ్డారు. మూడు వారాల క్రితం డెవానీ ఆయన్ని ఇంటర్వ్యూ చేశాడు. సంబరం అక్కడితో ఆగిపోయింది.

గొడవ ఒక చిన్న ఊరి ఆసుపత్రి గురించి. కేశవరావు దాని బోర్డులో సభ్యుడిగా ఉండేవారు. ఖర్చు తగ్గించడానికి బోర్డు ప్రసూతి వార్డు మూసేసింది. మూస్తే ప్రాణాలు పోతాయని నిపుణులు ముందే నివేదిక ఇచ్చారు. ఏడాది తిరగకముందే, ఫిబ్రవరి మంచులో, అరవై కిలోమీటర్ల దూరాన ఉన్న ఆసుపత్రికి వెళ్తూ అంబులెన్సులోనే ఒక బిడ్డ చనిపోయింది.

“ఓటు వేసే ముందు ఆ నివేదిక చదివారా, డాక్టర్?” అని డెవానీ అడిగాడు. టీవీలో కేశవరావు పదకొండు సెకన్లు అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత, “చాలా బాధాకరమైన విషయం,” అన్నారు. ఆ ముక్కను నాలుగు రోజుల్లో తొమ్మిది లక్షల మంది చూశారు.

“నేను వెంటనే చెప్పానమ్మా జవాబు,” అన్నారు కేశవరావు. “చదివాను, వార్డు మూయొద్దని ఓటేశాను అని. అతను అడగడం పూర్తికాకముందే చెప్పాను.”

“మరి ఆ మాట బయట చెప్పలేదా, అంకుల్?”

“చెప్పకపోవడమేంటి. ఎవరికి చెప్పినా, మరి టీవీలో ఎందుకు నోరు పెగల్లేదు అంటున్నారు. బోర్డు మీటింగ్ మినిట్స్ చూపిద్దామంటే కాన్ఫిడెన్షియల్. నాతో పాటు కూర్చున్న ఏడుగురూ ఫోన్ ఎత్తడం మానేశారు. అసలు వీడియో ఇమ్మని మీ స్టేషన్‌కి రెండుసార్లు ఈమెయిల్ పెట్టాను. ఇవ్వడం మా పాలసీ కాదు అన్నారు. ఇప్పుడు లాయర్‌తో లెటర్ పంపిస్తున్నా.”

“పార్టీ వాళ్లేమంటున్నారు?”

“గురువారం సాయంత్రం ఏడున్నరకి కమిటీ మీటింగ్. నన్ను తీసేసి ఇంకొకర్ని పెడతారు. పెట్టుకోనీ. సీటు పోతే పోయింది. నా జవాబు నేను చెప్పాను. అది ఎక్కడో ఉంది. అది ఒక్కసారి జనం వినాలి, అంతే.” ఆయన కప్పు తిప్పారు. “నిన్న పొద్దున శాంత అడిగింది. నిజంగా మీకేం గుర్తురాలేదా ఆ టైమ్‌లో అని. నలభై ఏళ్ల కాపురం, ధాత్రీ. అది కూడా టీవీనే నమ్మింది.”

ధాత్రి కాఫీకి డబ్బులిచ్చింది. లేచి స్టేషన్‌కు వస్తుంటే ఫోన్ మోగింది. తెలుగు సంఘం అధ్యక్షుడు సుబ్బరాజు. టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఇళ్లు అమ్ముతాడు. ఊళ్లో ఎవరి పేరు పేపర్లో వచ్చినా వాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగడం ఆయన ముఖ్యమైన వృత్తి.

“అమ్మా ధాత్రీ, చిన్న హెల్ప్ కావాలమ్మా. మీ లోర్కన్ గారిని మన దీపావళి ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్‌గా పిలుద్దామనుకుంటున్నాం.”

“కేశవరావు అంకుల్ని కదా పిలిచింది?”

“ఆయన్నిప్పుడు స్టేజ్ ఎక్కిస్తే బాగోదు కదమ్మా. ఫ్యామిలీస్ వస్తారు, పిల్లలుంటారు.”

“ఆయన పరువు తీసినాయనకి మనమే సన్మానం చేస్తామా, అంకుల్?”

“నువ్వలా చూడకూడదమ్మా. ఆయన నేషనల్ ఫిగర్. ఎలాగూ కంచి శాలువా తెప్పించేశాం. మెమెంటో మీద పేరు ఒక్కటే మార్పించాలి. కుర్రాళ్లు మారుస్తామన్నారు.”

“కాస్త తెలుగు కూడా నేర్పించి పిలవండి, మనల్ని మన భాషలోనే తిడతాడు,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

*

మంగళవారం పొద్దున ఆమె డెవానీ ఫోల్డర్లు తెరిచింది. మొదట కేశవరావు ఇంటర్వ్యూ తీసింది. కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టుగా, నలభై నిమిషాల వీడియో.

పద్దెనిమిదో నిమిషంలో ప్రశ్న వచ్చింది. డాక్టర్ ఆగలేదు. ప్రశ్న ముగియకముందే మొదలుపెట్టారు.

“చదివాను. నలభై పేజీలూ చదివాను. ఆ వార్డు మూస్తే ఎవరో ఒకరు దారిలో చనిపోతారని ఆ గదిలో చెప్పాను. మూయడానికి వ్యతిరేకంగా ఓటేశాను. ఏడుగురు అటు, నేనొక్కణ్ణి ఇటు. నా ఓటును మినిట్స్‌లో రాయమని అడిగాను. రాశారు.”

అంతే. పంతొమ్మిది సెకన్లు. నేరుగా, తడబాటు లేకుండా చెప్పిన జవాబు. ‘చాలా బాధాకరమైన విషయం’ అన్నది ఇంకో పది నిమిషాల తర్వాత, ఆ బిడ్డ తల్లిదండ్రుల గురించి అడిగినప్పుడు వచ్చిన మాట.

మరి ఆ పదకొండు సెకన్లు ఎక్కడివి? ధాత్రి వీడియో చివరిదాకా వెళ్లింది.

ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక టీవీవాళ్లు ఒక పని చేస్తారు. అందరినీ కదలకుండా, మాట్లాడకుండా అరనిమిషం కూర్చోమంటారు. ఆ గదిలో ఉట్టి చప్పుడును, అంటే ఫ్యాను రొద, గాలి, దూరంగా వెళ్లే కారు మోతను రికార్డు చేసుకుంటారు. దాన్ని రూమ్ టోన్ అంటారు. తర్వాత మాటల మధ్య అతుకులు వేసేటప్పుడు చెవికి తేడా తెలియకుండా దాన్ని పరుస్తారు. దానికి మైకు చాలు. కెమెరాతో పనే లేదు.

డెవానీ మాత్రం కెమెరా ఆపనివ్వడు. అది అతని పద్ధతి అని అందరికీ తెలుసు. ఎందుకని ఎవరూ అడగలేదు.

వీడియోలో డెవానీ గొంతు తీయగా వినిపించింది. “అద్భుతంగా మాట్లాడారు, డాక్టర్. ఇక రూమ్ టోన్ ఒక్కటే. ముప్పై సెకన్లు కదలకండి. నా కళ్లలోకే చూడండి. ఏదైనా బాధ కలిగిన విషయం తలుచుకోండి, ముఖం కదలకుండా ఉంటుంది.”

కేశవరావు బుద్ధిగా తలూపారు. బుద్ధిగా ఏదో బాధను తలుచుకున్నారు. కెమెరా ఆయన ముఖం మీదికి మెల్లగా దగ్గరైంది. మొదటి నాలుగు సెకన్లు వదిలేసి, తర్వాతి పదకొండు తీసుకున్నాడు డెవానీ. ప్రసారమైన ముక్కను ధాత్రి పక్కన పెట్టి ఆడించింది. రెప్పపాటు కూడా తేడా లేదు.

ఆమె లేచి తలుపు వేసింది. డబ్లిన్ నుంచి వచ్చిన ఫైలు తెరిచింది. కార్యక్రమం కోసం అక్కడి పాత టేపు మొత్తం పంపించారు. ప్రసిద్ధమైన ఆ ముక్క తప్ప మిగతాది చూడాల్సిన అవసరం ముప్పై మూడేళ్లుగా ఎవరికీ కలగలేదు.

“ఈ సంతకం మీదేనా?” పడుచు డెవానీ అడుగుతున్నాడు. గొంతులో యాస లేదు.

“నాదే,” అన్నాడు మంత్రి వెంటనే. “పైనున్న తేదీ నాది కాదు. అది తర్వాత ఎవరో వేశారు. ఆ తేదీన నేను ఆసుపత్రిలో ఉన్నాను, రికార్డు ఉంది. చూసుకోండి.”

టేపు చివర, అదే గొంతు. “రూమ్ టోన్, సర్. ముప్పై సెకన్లు. ఏదైనా బాధ కలిగిన విషయం తలుచుకోండి.”

ఆ మంత్రి 2003లో పోయాడు. పేపర్లన్నీ ఆ పదకొండు సెకన్ల ముఖాన్నే ముద్రించి నివాళి అర్పించాయి. అతని మాట నిజమో కాదో ధాత్రికి తెలియదు. తెలుసుకునే అవకాశం కూడా ఎవరికీ మిగల్లేదు. ఆసుపత్రి రికార్డు ఎవరూ అడగలేదు, ఎందుకంటే అలాంటి రికార్డు ఉందన్న మాటే ఎవరి చెవినా పడలేదు.

మిగతా ‘ప్రఖ్యాత మౌనాలు’ కూడా తీసింది. మధ్యాహ్నానికి తొమ్మిది చూసింది. తొమ్మిదీ ఒకటే సరుకు. ఒక మేయరు, ఒక పోలీసు అధికారి, ఒక స్కూలు ట్రస్టీ. అందరూ జవాబు చెప్పారు. అందరూ చివర్లో బుద్ధిగా కూర్చుని తమ తమ బాధలు తలుచుకున్నారు. ప్రశ్న వేసి నోరు మూసుకునే మహా నిపుణుడు నిజానికి ఎవరి మౌనమూ చూడలేదు. చూసి పట్టుకునే తెలివే ఉంటే గొర్రెల ధరలతోనే పైకొచ్చేవాడు.

వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి డాక్టర్ గారి చేతిలో పెట్టడం రెండు నిమిషాల పని. ఆమె చెయ్యి అటు వెళ్లి ఆగింది. అప్పుడది దొంగిలించిన వీడియో అవుతుంది. మర్నాటి వార్త దొంగతనం గురించి ఉంటుంది. డాక్టర్ గారి జవాబు మళ్లీ ఎవరికీ వినిపించదు.

*

బుధవారం పొద్దున న్యూస్ డైరెక్టర్ హెదర్ తన గదిలో ఆ రెండు ముక్కలూ చూసింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమె సొంతంగా తీసుకున్న నిర్ణయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో కొన్ని కుర్చీల రంగు గురించి.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“మంచిది. శుక్రవారం అవార్డు. సోమవారం కూర్చుని మాట్లాడదాం.”

“గురువారం ఏడున్నరకి డాక్టర్ గారిని తీసేస్తారు.”

“అది వాళ్ల పార్టీ విషయం. మనం రాజకీయాల్లో తలదూర్చకూడదు.”

“ఇప్పటికే దూర్చాం. తొమ్మిది లక్షల మంది చూశారు.”

హెదర్ నీళ్ల సీసా మూత తీసి మళ్లీ పెట్టింది. “మధ్యాహ్నం నువ్వు లోర్కన్‌ని ఇంటర్వ్యూ చేస్తున్నావు కదా, కార్యక్రమం కోసం. బాల్యం, డబ్లిన్, కెనడా మీద ప్రేమ. అంతవరకే అడుగు.”

“కెరీర్ గురించి అడగొద్దా?”

“అడుగు,” అంది హెదర్. ఆలోచించి అన్న మాట కాదది. గదిలోంచి పంపెయ్యడానికి అన్న మాట.

*

రెండు గంటలకు డెవానీ స్టూడియోలోకి వచ్చాడు. ఖరీదైన పాత కోటు, మోచేతుల దగ్గర తోలు అతుకులు. కూలివాడి కొడుకులా కనిపించడానికి ఆ కోటు టొరంటోలో కుట్టించాడు. ముఖం మీద లైటు ఎక్కడ పడాలో కెమెరామన్‌కు తనే చెప్పి కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు బాల్యం నడిచింది. రెండు జతల బూట్లు వచ్చాయి. గొర్రెల ధరలను సాహిత్యం స్థాయికి తీసుకెళ్లాడు. ధాత్రి అన్నీ విన్నది. తర్వాత అడిగింది.

“1992లో ఆ మంత్రి మీ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పాడు. మీరు ఆ జవాబు తీసేసి, దాని చోట రూమ్ టోన్ పెట్టారు. డాక్టర్ కేశవరావుకీ అదే చేశారు. ఎందుకు?”

కెమెరామన్ తల ఎత్తాడు. డెవానీ ముఖంలో మాత్రం కంగారు లేదు. హాయిగా నవ్వాడు. వెనక్కి వాలాడు.

ఇక్కడ ఆ మనిషి నమ్మకం ఒకటి చెప్పాలి. అతని లెక్కలో కెమెరా ముందు అన్న మాట అన్నట్టు కాదు. కట్ చేశాక మిగిలిన మాటే అన్నట్టు. ముప్పై మూడేళ్లుగా కత్తెర అతని చేతిలోనే ఉంది. ఇది కూడా తానే కట్ చేస్తానని అతను అనుకున్నాడు. అందుకే దాచుకోవాలని తోచలేదు. పైగా, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక మగ్గిపోయిన గొప్పతనం అది.

“కనిపెట్టేశావన్నమాట,” అన్నాడు. “ఎవరైనా కనిపెడతారని చాలాకాలం చూశాను. నువ్వే మొదటిదానివి. పనిమంతురాలివి, ధాత్రీ. రేపు ఇది నేనే తీసేస్తాను గాని, అడిగావు కాబట్టి చెబుతా. ఆ మంత్రి జవాబులో ఏముంది? తేదీలు, ఆసుపత్రి, రికార్డు. చూసేవాడు నిద్రపోతాడు. జనానికి జవాబులు అక్కర్లేదు, ముఖం కావాలి. నేను ముఖం ఇచ్చాను.”

“ఆయన చెప్పింది నిజమైతే?”

“అయ్యుండొచ్చు. దాన్ని నిరూపించుకోవడం అతని పని.”

“నిరూపించుకునే మాటే మీరు తీసేశారు.”

“తీసింది నేనే. అందుకే నువ్వు నా మీద కార్యక్రమం చేస్తున్నావు, అతని మీద కాదు.”

“డాక్టర్ గారు మూయొద్దని ఓటేశారు. అది మీకు తెలుసు.”

“తెలుసు. మంచి జవాబది, నిజాయితీగా ఉంది. మంచి జవాబుని ఎవరు చూస్తారు చెప్పు? నూట పది మంది. వాళ్లలో సగం అతని చుట్టాలు.” తన మాటకు తనే నవ్వుకున్నాడు. “నాకు శుక్రవారం అవార్డు ఉంది. కమిటీకి కొత్త ముక్క ఒకటి చూపించాలి. పాత డబ్లిన్ ముక్క ఎన్నాళ్లని చూపిస్తాను? అతనికి పెన్షన్ ఉంది, ఇల్లుంది, నీలాంటి సానుభూతిపరులున్నారు. కొన్ని వారాలు తలదించుకుంటాడు. తర్వాత మనవళ్లతో ఆడుకుంటాడు. ఈ వయసులో వాళ్లకి ఎన్నికలెందుకు అసలు.”

“వాళ్లకి అంటే?”

“డాక్టర్లకి,” అన్నాడు డెవానీ. చాలా త్వరగా అన్నాడు.

ఆ తర్వాత ఇంటర్వ్యూ ముగిసింది. అలవాటు ప్రకారం కెమెరామన్ రూమ్ టోన్ అన్నాడు. అలవాటు ప్రకారం కెమెరా ఆపలేదు. డెవానీ అరనిమిషం కదలకుండా కూర్చున్నాడు. ఏ బాధను తలుచుకున్నాడో గాని, ముఖంలో మాత్రం ఆకలి కనిపించింది.

*

సాయంత్రం ఐదింటికి ధాత్రి ఆ ముక్క హెదర్‌కు చూపించింది. డాక్టర్ గారి లాయర్ పంపిన ఉత్తరం అప్పటికే హెదర్ బల్ల మీద ఉంది. వీడియో ఇవ్వకపోతే కోర్టుకు వెళ్తామని అందులో మర్యాదగా రాసి ఉంది.

హెదర్ రెండుసార్లు చూసింది. రెండోసారి మధ్యలో ఆపి, ఉత్తరం వైపు చూసింది. కోర్టు వీడియో తెప్పిస్తే బయటపడేది డెవానీ ఒక్కడే కాదు, తెలిసి దాచిన హెదర్ కూడా. తామే బయటపెడితే స్టేషన్ నిజాయితీ అవుతుంది. ఆమె ముఖంలో ధైర్యం లాంటిది వచ్చింది. అది భయమే, బట్టలు మార్చుకుని వచ్చింది.

“రేపు వేద్దాం. ఆరింటికి,” అంది. “లోర్కన్‌కి మెసేజ్ పెడతాను. ఎడిట్ అయిపోయింది, నువ్వు రానక్కర్లేదు, టైలర్ దగ్గరికి వెళ్లు అని.”

“థాంక్స్.”

“ఒక్క మార్పు చెయ్యి. అతని జవాబు మరీ పొడుగు. నీ ప్రశ్న తర్వాత అతని రూమ్ టోన్ పెట్టు, పదకొండు సెకన్లు. ఆ ముఖం చూడు, ఎంత బాగుందో. ఈ దేశమంతా చూస్తుంది.”

 హెదర్ హాస్యానికి అనలేదు.

“అతను చేసిందీ అదే కదా,” అంది ధాత్రి.

“అతను అమాయకులకి చేశాడు. మనం చేసేది దోషికి. తేడా లేదూ?”

“జవాబు అక్కర్లేదు, ముఖం చాలని అతనూ అన్నాడు, హెదర్. ఇందాకే విన్నారు. జవాబు ఉంటుంది. మొత్తం ఉంటుంది. ఒక్క మాట తీసినా నా పేరు తీసెయ్యండి.”

“టీవీకి నువ్వు పనికిరావేమో,” అంది హెదర్ జాలిగా. సంతకం మాత్రం పెట్టింది.

*

గురువారం ఆరింటికి కార్యక్రమం వచ్చింది. మొదటి అరగంటలో బ్యాంకు మేనేజరు తండ్రి ఫోటో ఉంది, పియానో ఉంది. రెండో అరగంటలో డబ్లిన్ టేపు ఉంది. డాక్టర్ కేశవరావు పంతొమ్మిది సెకన్ల జవాబు ఉంది, ముందూ వెనకా ఏమీ కత్తిరించకుండా. చివర డెవానీ మాటలు ఉన్నాయి, నవ్వుతో సహా. ధాత్రి వ్యాఖ్య ఒక్కటి కూడా కలపలేదు. అతన్ని అవమానించడానికి ఎవరి సాయమూ అవసరం లేకపోయింది.

ఆ సమయానికి డెవానీ టొరంటోలో నల్ల కోటు కొలతలు చూసుకుంటూ ఉన్నాడు. దుకాణంలో టీవీ ఉంది. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడని తర్వాత తెలిసింది. డెవానీ వెంటనే ఫోన్ తీసి, తన మాటలను సందర్భం నుంచి తప్పించారని ప్రకటన ఇచ్చాడు. ఏ సందర్భం నుంచి అని పేపర్లవాళ్లు అడిగారు. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు. అవార్డు కమిటీ ‘సాంకేతిక కారణాల వల్ల’ అతని పేరు జాబితా నుంచి తీసేసి, ఆ బహుమతి ఇంకో ముసలాయనకు ఇచ్చింది. ఆయన ఇంటర్వ్యూలు ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చూడలేదనే అనుకోవాలి.

ఏడున్నరకు పార్టీ కమిటీ సమావేశమైంది. డాక్టర్ గారి స్థానంలో పెట్టాలనుకున్న మనిషి అప్పటికే కొత్త టై కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. “మీ మీద మాకు ఏనాడూ అనుమానం లేదు,” అన్నాడు చైర్మన్. చేతులన్నీ ఒక్కసారి లేచాయి, కొత్త టై చెయ్యితో సహా. కేశవరావు నామినేషన్ కాగితం తీసుకున్నారు. చైర్మన్ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

ఆయన కారెక్కేలోగా సుబ్బరాజు ఫోన్ వచ్చింది. “డాక్టర్ గారూ, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానండి అందరికీ. ఆదివారం మీరే చీఫ్ గెస్ట్. మెమెంటో మీద మళ్లీ పేరు…”

“రాజు గారూ, ఎవరి పేరూ లేకుండానే ఉంచండి. మీకు పనికొస్తుంది,” అని ఆయన ఫోన్ ఆపేశారు.

*

శుక్రవారం పొద్దున ఆయన శాంతగారితో కలిసి స్టేషన్‌కు వచ్చారు. శాంతగారి చేతిలో మిఠాయి డబ్బా ఉంది. ఆవిడ ధాత్రి చేతులు పట్టుకుని భర్త వైపు చూసి తల వంచుకున్నారు.

“అంకుల్, స్వీట్స్ తర్వాత,” అంది ధాత్రి. “లోర్కన్ ప్రోగ్రామ్ నన్ను చేయమన్నారు. ఈ వారానికి మీరే కావాలి. ఇప్పుడే.”

“ఏం అడుగుతావు?”

“కూర్చున్నాక అడుగుతా.”

ఆయన నవ్వి కూర్చున్నారు. మైకు పెట్టారు. లైట్లు వెలిగాయి. శాంతగారు కెమెరా వెనక కుర్చీలో సర్దుకున్నారు.

“మీ పంతొమ్మిది సెకన్ల జవాబు నేను చాలాసార్లు విన్నాను, డాక్టర్ గారూ,” అంది ధాత్రి. అంకుల్ అన్న మాట లేదిప్పుడు. “ఎవరో ఒకరు దారిలో చనిపోతారని చెప్పి, మూయొద్దని ఓటేశారు. వార్డు మూసేశారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు అదే బోర్డులో కొనసాగారు. బయటికి ఒక్క మాట చెప్పలేదు. బిడ్డ చనిపోయాక కూడా. ఎందుకు?”

డెవానీ ఆ జవాబు విని ఉంటే అడగాల్సిన ప్రశ్న అది. కత్తిరించే హడావిడిలో అతను దాన్ని వినలేదు.

కేశవరావు గారి ముఖంలో నవ్వు పోయింది. ఆయన ఆగలేదు.

“చెప్పాల్సింది. లోపల ఉంటే మిగతావైనా ఆపొచ్చు అనుకున్నాను. ఏదీ ఆపలేదు. ఆ బిడ్డ పోయిన వారం కూడా మీటింగ్‌కి వెళ్లాను. కాఫీ తాగాను. బోర్డు మెంబర్ అనిపించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. మా వాళ్ల పెళ్లిళ్లలో అలా పరిచయం చేసేవాళ్లు. వదులుకోలేకపోయాను. ఓటు మినిట్స్‌లో రాయించుకున్నది ఆ ఊరి కోసం కాదు, నా కోసం.”

 కెమెరా వెనక శాంతగారు చేతిగుడ్డ మడతపెట్టి మళ్లీ విప్పారు.

ఆయన గొంతు తగ్గించి తెలుగులోకి వచ్చారు. “ఇది వేస్తే ఓట్లు పోతాయేమో కదమ్మా?”

“పోవచ్చు, అంకుల్. వద్దంటే ఇప్పుడే చెప్పండి.”

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

“ఉంచు,” అన్నారు.